ఎండా వానా ఒకే వారంలో వస్తుంటే గోల్ఫ్ గ్రీన్ నిలబెట్టేదెలా? (గుంటూరు–విజయవాడ)

గరిక_మంగళగిరి | ఆగస్టు 18, 2025

అందరికీ నమస్కారం. మంగళగిరి దగ్గర ఒక ప్రైవేటు ప్రాంగణంలో ఆరు హోళ్ల చిన్న గోల్ఫ్ కోర్సు, ఒక ప్రాక్టీస్ గ్రీన్ నేను చూసుకుంటున్నాను. గ్రీన్లలో (బంతిని కప్పులోకి దొర్లించే నున్నటి గడ్డి) టిఫ్‌డ్వార్ఫ్ బెర్ముడా, ఫెయిర్‌వేలలో (గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ వెళ్లే మైదానం) టిఫ్‌వే 419, అదీ బెర్ముడా రకమే. గ్రీన్లు ఇసుక మీద కట్టినవే. ఫెయిర్‌వేలు మాత్రం అచ్చంగా మన నల్లరేగడి.

ఈ ఏడాది వాతావరణం ఎలా ఉందో మీరూ చూస్తున్నారు. రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో మాకు బురద. వానాకాలం వచ్చేసిందని స్ప్రింక్లర్లు తగ్గించామో లేదో, జూన్‌లో మళ్లీ వడగాలి. ఆగస్టులో విడవకుండా ముసురు, అది తెరిపి ఇవ్వగానే ఊపిరాడని ఉక్క. ఇప్పుడు మూడో గ్రీన్‌లో పళ్లెమంత వెడల్పు పసుపు మచ్చలు, అంచున పొగ రంగు వలయం. రెండో గ్రీన్‌లో పల్లం వైపు గడ్డి తెల్లవారేసరికి నూనె పూసినట్టు నల్లగా పడుకుని ఉంటోంది. ఆ మరక నీళ్లు పారిన దారినే బారుగా సాగుతోంది.

నెలకో పని అని గోడకు అంటించుకున్న పట్టిక ఈ ఏడాది ఏ పనికీ రాలేదు. మీరు ఏం చూసి నిర్ణయం తీసుకుంటున్నారు? నీళ్లు, కోత, ఎరువు, మందు, అన్నింటి గురించీ చెప్పండి.

కృష్ణాతీరం | ఆగస్టు 18

తమ్ముడూ, మందు సంగతి తర్వాత. ముందు రెండో గ్రీన్ పల్లంలోంచి ఒక జానెడు లోతు మట్టి కడ్డీ తీసి చూడు. బంతి పడే కప్పు తవ్వే పరికరం ఉంటుందిగా, దాంతోనే తీయి. తీసిన ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి నాలుగు సంగతులు గమనించు. వేరు ఎంత లోతు దిగింది, ఏ రంగులో ఉంది, మధ్యలో నల్లటి పొర ఉందా, వాసన ఎలా ఉంది. వేళ్లతో నలిపితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు.

నేను బెంగళూరులో, హైదరాబాదులో చాలాకాలం గ్రీన్లు చూసి ఇక్కడికి వచ్చాను. అక్కడి పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనిచేయవు. బెర్ముడా ఎండకు భయపడే గడ్డి కాదు. మన ఊరి గట్ల మీద మొలిచే గరిక జాతే అది. 45 డిగ్రీల్లోనూ తడి అందితే బతుకుతుంది. మన దగ్గర దాన్ని చంపేది వేడినీళ్లలో నిలబడటం. వాన పడి, నీరు దిగక, ఆ మీదట ఎండ కాస్తే వేరుకు గాలి అందదు. కింద నిండా తడి ఉన్నా పైన గడ్డి వాడిపోతుంది. వాడింది కదా అని ఇంకా నీళ్లు పెడతారు. నేను చూసిన గ్రీన్లలో ఎక్కువ పోయింది అలాగే.

కాబట్టి మనకు నీళ్లు పెట్టడం కన్నా నీళ్లు పంపేయడం ముఖ్యం. నీ డ్రెయిన్ పైపు చివర ఎక్కడ తేలుతుందో వెళ్లి చూశావా? వాన ఆగిన గంటకు అందులోంచి నీరు వస్తోందా?

లాం_నేల | ఆగస్టు 18

కృష్ణాతీరం గారితో ఏకీభవిస్తున్నాను. అయినా తెగులు పేరు తెలియాలి, ఎందుకంటే రెండు గ్రీన్లలో ఉన్నవి రెండు వేర్వేరు తెగుళ్లలా ఉన్నాయి.

మూడో గ్రీన్‌లో పొగ రంగు వలయం ఉన్న మచ్చలు రైజోక్టోనియా లక్షణం. మన వరి రైతులకు ఇది కొత్త కాదు, పాముపొడ తెగులు తెచ్చే జాతి శిలీంధ్రమే. రెండో గ్రీన్‌లో నీరు పారిన దారినే నల్లగా సాగుతున్నది పిథియం అనిపిస్తోంది. మిర్చి నారుమడి పోసే గుంటూరు రైతును అడగండి, నారుకుళ్లు అని వెంటనే చెబుతాడు. ఇది రాత్రికి రాత్రే పాకుతుంది. మూవర్ చక్రాలతో, చెప్పులతో పక్క గ్రీన్‌కు పోతుంది.

అందుకని రేపు పొద్దున రెండో గ్రీన్‌ను అన్నింటికన్నా చివర కోయండి, లేదా అసలు కోయకండి. కోస్తే మూవర్‌ను కడిగి ఎండబెట్టండి. పిథియంకు మెటలాక్సిల్ ఉన్న మందు, రైజోక్టోనియాకు అజాక్సీస్ట్రోబిన్ లాంటిది. ఒకదానికి వాడేది రెండోదానికి సరిగా పనిచేయదు, కాబట్టి గుడ్డిగా కొట్టకండి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే. యూరియా మాత్రం ఈ మచ్చలు తగ్గేదాకా ఒక్క గింజ కూడా వద్దు. లేత గడ్డి అంటే ఈ తెగుళ్లకు విందు భోజనమే.

అనుమానం తీరకపోతే మచ్చ అంచున, అంటే సగం బాగున్న గడ్డి సగం పోయిన గడ్డి కలిసిన చోట, ఒక ముక్క కోసి కాగితంలో చుట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తెగుళ్ల విభాగం వాళ్లకు చూపించండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే దారిలోనే కుళ్లిపోతుంది.

ఉదయం_ఆట | ఆగస్టు 19

నేను ఆడేవాడిని, గడ్డి పండించేవాడిని కాదు. అయినా అడుగుతున్నాను. వానాకాలం వచ్చిందంటే గ్రీన్లు బరువెక్కిపోతాయి, బంతి దొర్లదు. స్టింప్‌మీటర్‌లో (బంతి ఎంత దూరం దొర్లుతుందో కొలిచే పరికరం) 9, 10 అడుగులు వచ్చే గ్రీన్ 7కు పడిపోతుంది. కోత ఇంకాస్త కిందికి దించితే సరిపోదా? సభ్యులంతా ఇదే అడుగుతున్నారు.

కృష్ణాతీరం | ఆగస్టు 19

అడగడం న్యాయమే సార్, మీరు డబ్బు కట్టి ఆడుతున్నారు. కాస్త వివరంగా చెబుతాను.

ఆకే గడ్డికి వంటిల్లు. మబ్బు పట్టిన రోజుల్లో ఎండ ఉండదు గనక ఆ వంట సగమే జరుగుతుంది. బెర్ముడాకు నీడ అస్సలు పడదు, వారం ముసురు పడితే దానికి వారం నీడలో ఉన్నట్టే. అప్పుడు ఆకు సన్నబడి పైకి సాగుతుంది. ఆ సమయంలో 4 మి.మీ. కోతను 3.5కు దించితే ఉన్న కాస్త ఆకూ పోతుంది, వేరు కుంచించుకుపోతుంది. నేనైతే ముసురు రాగానే 5 మి.మీ.కు లేపుతాను. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు అంటే మీకు చిన్నగా కనిపిస్తుంది. గడ్డికి అది పాతిక శాతం ఎక్కువ ఆకు.

బంతి వేగం కావాలంటే దారి వేరే ఉంది. రోలర్ నడపాలి. వారానికి రెండు మూడుసార్లు తేలిక రోలర్ తిప్పితే, కోత ఎత్తు మార్చకుండానే వేగం పెరుగుతుంది. ఇసుక గ్రీన్లకే ఇది. అది కూడా నీరు దిగి, అడుగు వేస్తే తడి పైకి ఉబకని రోజునే. ఇంకొకటి, పొద్దున్నే మంచు దులపడం. వెదురు గడతో గానీ తాడు లాగి గానీ ఆకుల మీది నీటి బొట్లు రాలగొడితే బంతీ దొర్లుతుంది, తెగులూ తగ్గుతుంది. ఆకు తడిగా ఉండే గంటలు ఎంత తగ్గితే అంత మంచిది.

స్టేడియం_మాలి | ఆగస్టు 19

గుంటూరులో క్రికెట్ గ్రౌండ్ చూస్తాను. గోల్ఫ్ కాకపోయినా గడ్డి ఒకటే.

నేను పొద్దున గ్రౌండ్‌లోకి దిగగానే ముందు పక్షులను చూస్తాను. గోరింకలు, కొంగలు ఒకే చోట గుంపుగా వాలి ముక్కుతో పొడుస్తున్నాయంటే అక్కడ కింద పురుగు ఉన్నట్టే. పొడి తర్వాత పెద్ద వాన పడితే పది పన్నెండు రోజులకు లద్దెపురుగు దిగుతుంది. పగలు థ్యాచ్‌లో (గడ్డి అడుగున పేరుకున్న ఎండు పొర) దాక్కుంటుంది, సాయంత్రం పైకొచ్చి తింటుంది. గడ్డి పచ్చగా కనిపిస్తూనే రెండు రాత్రుల్లో మైదానం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎండ దెబ్బ అని అందరూ పొరబడతారు.

దీనికో పరీక్ష ఉంది. నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఒక చదరపు గజం మీద పొయ్యండి. పురుగు ఉంటే అయిదారు నిమిషాల్లో మెలికలు తిరుగుతూ పైకి వస్తుంది. నేను ఒకసారి పోస్తే తల మీద తిరగేసిన వై గుర్తుతో, నున్నటి గోధుమ రంగు పురుగులు బిలబిలమంటూ వచ్చాయి. మొక్కజొన్నను నాశనం చేస్తున్న కత్తెర పురుగే అది. 2018 నుంచి మన దేశంలో ఉంది, దానికి గడ్డి కూడా ఇష్టమే. వేరుపురుగు మాత్రం సబ్బు నీటికి పైకి రాదు. దానికి గడ్డి పొర పలుగుతో ఎత్తి చూడాల్సిందే.

మందు కొడితే సాయంత్రం కొట్టండి. పొద్దున కొట్టింది ఎండకే పోతుంది.

నర్సరీ_దుగ్గిరాల | ఆగస్టు 20

గడ్డి సప్లై చేస్తుంటాం. నా సలహా, ఫెయిర్‌వేల నల్లరేగడిలో కృష్ణా ఇసుక కలిపి దున్నేయండి, నీరు దిగుతుంది. బోరు నీరు ఉప్పగా ఉంటే బెర్ముడా తీసేసి పాస్పలమ్ అనే గడ్డి వేసుకోండి. ఉప్పుకు తట్టుకుంటుంది, రంగు కూడా ముదురుగా బాగుంటుంది.

లాం_నేల | ఆగస్టు 20

పాస్పలమ్ ఉప్పుకు తట్టుకుంటుందన్న మాట నిజం. కానీ ఇసుక కలపడం దగ్గర దయచేసి ఆగండి, ఈ సలహాతో చాలామంది నష్టపోయారు.

నల్లరేగడిలో కొంచెం ఇసుక కలిపితే బంకమట్టి రేణువులు ఇసుక సందుల్లో కూరుకుపోతాయి. ముందుకన్నా గట్టిపడుతుంది. మట్టి గుణం మారాలంటే మొత్తంలో ఇసుక ముప్పావు వంతు దాటాలి. ఫెయిర్‌వే అంతా అలా చేయడానికి ఎన్ని లారీలు కావాలో లెక్కేసుకోండి. దానికన్నా ఇసుకను పైపైన పలచగా, ఏడాదికి కొన్ని విడతలుగా చల్లుకుంటూ పోవడం నయం. ఏళ్లు గడిచేకొద్దీ పైన అంగుళాల ఇసుక పొర తయారవుతుంది. నీరు ఆ పొరలో పక్కకు నడిచి కందకంలోకి పోతుంది.

ఇసుక ఎలాంటిదో కూడా చూడాలి. గ్రీన్లకైతే అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో మొదలుపెట్టిన ప్రమాణమే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. కింద 10 సెం.మీ. కంకర, పైన 30 సెం.మీ. ఇసుక మిశ్రమం. ఇసుకలో కనీసం 60 శాతం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి, బంకమట్టి 3 శాతం దాటకూడదు. లారీ దించే ముందు ఒక గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి ఊపి పెట్టండి. అరగంటకు ఇసుక మీద వేలు మందం ఒండ్రు పేరుకుంటే ఆ లారీని వెనక్కి పంపేయండి.

ఇక బోరు నీరు. మన వైపు చాలా బోర్లలో సోడియం, బైకార్బొనేటు ఎక్కువ. వేసవంతా ఆ నీరు పెట్టి పెట్టి మట్టిలో సోడియం పేరుకుంటుంది. తొలి పెద్ద వానకు పైఉప్పు కడుక్కుపోతుంది గానీ సోడియం బంకను పట్టుకుని ఉండిపోతుంది. బంక విచ్చుకుని పైపొర మూసుకుపోతుంది. వాన పడ్డాక నేల అద్దంలా మెరుస్తూ నీరు నిలిచిందంటే కారణం అదే. ఆ సోడియంను విడిపించే జిప్సం వానలకు ముందే, మే నెలలో వేయాలి. అప్పుడు తొలి వానలు ఆ సోడియంను కడిగి కిందికి దించుతాయి. ఎంత వేయాలో మట్టి పరీక్ష చెబుతుంది. గుంటూరు వాళ్లకు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) పక్కనే ఉంది, మట్టితో పాటు బోరు నీరు కూడా ఇవ్వండి.

గరిక_మంగళగిరి | ఆగస్టు 24

అందరికీ ధన్యవాదాలు. ముక్క తీశాను.

రెండో గ్రీన్ ఎత్తు వైపు వేర్లు తెల్లగా, 12 సెం.మీ. దాకా ఉన్నాయి. పల్లం వైపు తీసిన ముక్కలో వేర్లు 4 సెం.మీ. దగ్గరే ఆగిపోయాయి. చివర్లు గోధుమ రంగు, పట్టి లాగితే పైతోలు ఊడి సన్న దారం మిగులుతోంది. దాని కింద వేలెడు మందాన నల్లటి పొర. ముక్కు దగ్గర పెట్టుకోగానే కుళ్లిన గుడ్డు వాసన గుప్పున కొట్టింది. మా కుర్రాళ్లందరికీ చూపించాను.

కృష్ణాతీరం గారు చెప్పినట్టు డ్రెయిన్ పైపు చివరకు వెళ్లాం. కాలువ గట్టున తుంగ, జమ్ము అల్లుకుపోయి పైపు నోరు కనిపించడం లేదు. కిందటేడు సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన ఒండ్రు లోపల గట్టిపడి ఉంది. తవ్వి, ప్రెషర్ నీటితో కడిగించాం. ముందు నల్లనీళ్లు, తర్వాత బురద, చివరకు మంచినీళ్లు వచ్చాయి. పల్లంలో సన్న టైన్లతో (ఇనుప ములుకులతో) లోతుగా పొడిపించి పొడి ఇసుకతో రంధ్రాలు నింపాం. పిథియం మందు ఒక తడవ పడింది, కోత 5 మి.మీ.కు లేపాం. మరక సాగడం ఆగింది.

రంగు తగ్గిందని పైనుంచి ఒత్తిడి ఉంది. యూరియా లేకుండా రంగు ఎలా?

లాం_నేల | ఆగస్టు 24

అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). లీటరు నీటికి 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఎండ తగ్గాక ఆకు మీద పిచికారీ. గడ్డి పెరగకుండానే పచ్చదనం వస్తుంది. ముందు ఒక మూల కొట్టి రెండు రోజులు చూడండి, చిక్కగా పడితే ఆకు నల్లబడుతుంది. బండలు, కాలిబాట మీద పడితే తుప్పు మరక పోదు. ఆకు ఎండిన రోజునే కొట్టండి.

బెజవాడ_పెరడు | ఆగస్టు 26

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా పెరట్లో రోజుల తరబడి నిలిచాయి. కొరియన్ గ్రాస్ పోయింది, పక్కింటి గరిక మాత్రం మళ్లీ లేచింది. ఈసారి ఏం వేయమంటారు? మళ్లీ నీళ్లొస్తే ఏం చేయాలి?

కృష్ణాతీరం | ఆగస్టు 26

అమ్మా, ఆ వరదలో మీరు పడ్డ కష్టం మాకు తెలుసు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. మీకు ఎండ బాగా తగిలే పెరడైతే బెర్ముడానే వేసుకోండి. నీట మునగడానికి అది ఓర్చుకుంటుంది. సగం రోజు నీడ ఉంటే బెర్ముడా పలచబడుతుంది, అప్పుడు మళ్లీ కొరియనే వేసుకోవాలి.

నీళ్లు తీస్తుండగానే, ఒండ్రు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే గొట్టంతో కడిగి బయటికి తోసేయాలి. ఎండిందంటే పెచ్చు కడుతుంది, దాని కింద గడ్డికి గాలి ఆడదు. వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. చిన్నపిల్లలను కొన్నాళ్లు గడ్డి మీద ఆడనివ్వకండి.

గరిక_మంగళగిరి | అక్టోబరు 26

మొంథా తుపాను వస్తోందంటున్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు మా ఫెయిర్‌వేలు చెరువులయ్యాయి. ఈసారి ముందే ఏం చేయాలి?

స్టేడియం_మాలి | అక్టోబరు 26

ఈ రాత్రి నుంచే స్ప్రింక్లర్ టైమర్ ఆపేయండి. ఎరువు బస్తాలు, మందులు, మూవర్లు ఎత్తున పెట్టించండి. డ్రెయిన్ నోళ్ల దగ్గర జాలీలు ఊడ్చి పెట్టండి. ఈదురుగాలికి ఆకులన్నీ వచ్చి అక్కడే అడ్డం పడతాయి. రేపు ఎండ ఉంటే కోత పూర్తి చేసేయండి, తర్వాత ఎన్నాళ్లకు మూవర్ దిగుతుందో తెలియదు. కోసిన గడ్డి ఒక్క పోచ కూడా గ్రీన్ మీద వదలకండి. జెండా కర్రలు, బెంచీలు తీసేయండి. ఉరుము వినిపిస్తే మనుషులను లోపలికి పంపండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా ఎవరినీ మైదానంలోకి వదలొద్దు. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి పిడుగుల మెసేజ్ వస్తే అది చూసి ఊరుకోకుండా కుర్రాళ్లందరికీ ఫోన్ చెయ్యండి.

లాం_నేల | అక్టోబరు 26

మచ్చలు వచ్చిన గ్రీన్లకు ఈ రోజే రక్షణగా మందు కొట్టేయండి, వానకు ముందు ఆకు మీద ఆరడానికి సమయం ఉండాలి. ఈ వారం కాంప్లెక్స్ ఎరువు వేయకండి, అదంతా కాలువలోకే పోతుంది. తుపాను వెళ్లాక నేల ఆరితే పొటాష్ ఇవ్వండి. డిసెంబరు, జనవరిలో మన బెర్ముడా ఉత్తరాదిలో లాగా పూర్తిగా నిద్రపోదు గానీ మందగిస్తుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో పుంజుకున్న వేర్లే దాన్ని సంక్రాంతి దాటిస్తాయి.

గరిక_మంగళగిరి | నవంబరు 4

మొంథా 28 రాత్రి నరసాపురం వైపు తీరం దాటింది, మాకు గాలి కన్నా వానే ఎక్కువ. కడిగించిన పైపు నిలబెట్టింది. రెండో గ్రీన్‌లో వాన ఆగిన కాసేపటికే నీరు దిగిపోయింది. పైపు చివర నీటి ధార మధ్యాహ్నం దాకా ఆగలేదు. ముక్క తీసి చూస్తే పల్లం వైపు కొత్త తెల్ల వేర్లు నల్ల పొరను దాటి కిందికి దిగాయి, వాసన చాలావరకు పోయింది. మూడో గ్రీన్‌లో రెండు చోట్ల మచ్చ మళ్లీ తొంగిచూసింది, అక్కడికే మందు కొట్టాం.

ఫెయిర్‌వేల పరిస్థితి అలా లేదు. నాలుగో దాంట్లో ఇప్పటికీ బూటు దిగబడుతోంది, కార్ట్‌లను దారి దాటనివ్వడం లేదు. యాజమాన్యం కందకాలకు ఒప్పుకుంది. నేల గట్టిపడగానే తవ్వకం మొదలు. పొడవు 80 మీటర్లు, చివర కాలువలోకి. వాలు ఎంత ఇవ్వాలి?

ఉదయం_ఆట | నవంబరు 4

ఆదివారం అక్కడే ఆడాను. రోలర్ తిప్పిన గ్రీన్లు 8 అడుగుల పైనే ఇచ్చాయి, తుపాను వెళ్లిన వారానికే అంటే మాకు అంతకన్నా ఏం కావాలి. కార్ట్ ఆపినందుకు గొణుగుతున్న వాళ్లకు ఆ నాలుగో ఫెయిర్‌వే దగ్గర చక్రాల గాడి చూపిస్తున్నాను.

స్టేడియం_మాలి | నవంబరు 5

వంద మీటర్లకు కనీసం అర మీటరు, వీలైతే ఒక మీటరు వాలు. నీ 80 మీటర్లకు 40 నుంచి 80 సెం.మీ. మొదట్లో ఎంత లోతు తవ్వినా చివర ఆ మేరకు కిందికి దిగాలి. కంటితో చూసి తవ్వొద్దు. నీటి గొట్టం లెవెల్ పట్టి, అయిదు మీటర్లకో గూటం పాతి, దారం కట్టుకుంటూ పో. పైపు చుట్టూ కంకర, కంకర మీద ఇసుక నేల మట్టం దాకా రానివ్వు. తవ్విన రేగడి మళ్లీ అందులో పడకూడదు, దాన్ని ఆ రోజే ట్రాక్టర్‌లో ఎత్తించు. పైపు చివర వరద మట్టానికి పైన ఉండాలి. కుదరకపోతే ఎదురునీరు రాకుండా మూత బిగించు, మీ వైపు కొండవీటి వాగు పొంగితే కాలువ నీరు పైపులోంచే లోపలికి తంతుంది.